పాలిమర్ క్లే దుద్దులు రంధ్రం దగ్గర విరుగుతున్నాయి: కారణం ఏమై ఉంటుంది?

పటమట_దుద్దులు (విజయవాడ)

అందరికీ నమస్కారం. మంగళగిరి నేత చీరల అంచులకు నప్పే రంగుల్లో, పొయ్యిలో కాలిస్తే గట్టిపడే పాలిమర్ క్లేతో దుద్దులు, లోలాకులు ఇంట్లోనే చేసి తెలిసినవారికి ఇస్తున్నాను. రంగులు, ఆకారాలు అందరికీ నచ్చుతున్నాయి కాని, కొక్కెం తగిలించే రంధ్రం దగ్గర కొన్ని ముక్కలు వారం పది రోజులకే చిట్లిపోతున్నాయి. విరిగిన చోట చూస్తే అంచు నున్నగా లేదు, రవ్వరవ్వగా రాలుతోంది. నేను వాడేది ప్రీమో రకం. మందం రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. ఓటీజీ (కేకులు చేసే చిన్న కరెంటు ఓవెన్) డయల్‌ను 130 దగ్గర పెట్టి, మాడిపోతాయేమోనన్న భయంతో పావుగంటకే తీసేస్తున్నాను.

ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. మే నెలలో కొరియర్‌లో వచ్చిన తెల్లరంగు క్లే దిమ్మ ఎంత పిసికినా పొడిపొడిగా రాలిపోతోంది. అలాగే మెరుపు కోసం గోళ్ళరంగు పూసిన దుద్దులు కొన్నాళ్ళకు జిగురుగా తయారై, పెట్టెలో ఒకదానికొకటి అంటుకుపోయాయి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

బెంజిసర్కిల్_కళ (విజయవాడ)

రెండు మిల్లీమీటర్లు చాలా పలుచన అండీ, నాలుగు చేసి చూడండి. మా పిన్నిగారు కుక్కర్ అడుగున ఇసుక పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి, కేకు చేసినట్టే వీటినీ కాలుస్తారు. ఓటీజీ లేనివారికి అది సులువైన పద్ధతి. గోళ్ళరంగు విషయానికొస్తే, మంచి కంపెనీది వాడితే ఇబ్బంది ఉండకపోవచ్చు.

రసాయనం_మాస్టారు (గుంటూరు, బ్రాడీపేట)

పటమట అమ్మాయి గారూ, విరిగిన అంచు రవ్వరవ్వగా ఉందని మీరు రాసిన ఒక్క వాక్యంలోనే జవాబు ఉంది. మందం పెంచినంత మాత్రాన ఇది తీరదు.

ఈ ముద్దలో మట్టి ఏమీ లేదు. ఇందులో ఉన్నది పీవీసీ, అంటే మన ఇళ్ళలో నీళ్ళ గొట్టాలకు వాడే ప్లాస్టిక్కే. కాకపోతే అతి సన్నని రేణువుల రూపంలో ఉంటుంది. ఆ రేణువుల చుట్టూ ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం, కొంత రంగు, కొంత పూరక పదార్థం చేరి ముద్దగా నిలుస్తాయి. వేడి తగిలినప్పుడు రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఉబ్బి, ఒకదానిలోకి ఒకటి కరిగి కలిసిపోవాలి. పాయసంలో సగ్గుబియ్యం ఉబ్బి, గింజకూ గింజకూ మధ్య గీత లేకుండా కలిసిపోవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ జరగవలసిందీ అదే. తగినంత వేడి, తగినంత సేపు అందకపోతే రేణువులు అంచుల దగ్గర మాత్రమే అతుక్కుంటాయి. చల్లారాక ముక్క చేతికి గట్టిగానే తగులుతుంది కనుక కాలిందని అనుకుంటాము. రోజూ కొక్కెం లాగే ఆ చిన్న బలానికి ఆ బలహీనపు అతుకులు ఊడిపోతాయి. సరిగ్గా కాలిన పలుచని ముక్క పెళుసుగా ఉండదు, వంచితే వంగుతుంది.

కనుక మీరు చూడవలసినవి రెండు: పొయ్యి లోపల నిజంగా ఎంత వేడి ఉంది, అది ఎంతసేపు నిలిచింది. ప్రీమోకు తయారీదారు చెప్పేది 135 డిగ్రీల సెల్సియస్, ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి 30 నిమిషాలు. ముక్క పలుచనైనా ఆ అరగంటను తగ్గించకూడదు కనుక పావుగంట మీ ముక్కలకు చాలదు. మాడిపోతుందన్న భయం అర్థం చేసుకోదగినదే కాని, ఈ పదార్థాన్ని మాడ్చేది హద్దు దాటిన వేడి. సరైన వేడి దగ్గర ఇంకో అరగంట ఎక్కువ ఉంచినా నష్టం లేదు.

పటమట_దుద్దులు

మాస్టారూ, చాలా ధన్యవాదాలు. డయల్ మీద 130 అని ఉన్నప్పుడు లోపల కూడా దాదాపు అంతే ఉంటుందనుకున్నాను. దాన్ని ఇంట్లో కొలవడం ఎలాగో కూడా చెప్పగలరా?

కొత్తపేట_నగలు (గుంటూరు)

మాస్టారు శాస్త్రం చెప్పారు, నేను పొయ్యి సంగతి చెబుతాను. చిన్న ఓటీజీల డయల్‌ను అసలు నమ్మకండి. తీగ ఎర్రబడి ఆరిపోతూ ఉంటుంది కనుక లోపలి వేడి ఒకచోట నిలవదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మీది 130 దగ్గర పెడితే లోపల 110 ఉండవచ్చు, 150 కూడా ఉండవచ్చు. బేకింగ్ సామాను అమ్మే దుకాణాల్లో స్టీలు చట్రంతో, ముల్లు తిరిగే చిన్న ఓవెన్ థర్మామీటరు దొరుకుతుంది. దాన్ని కొనకుండా ఇక ఒక్క దుద్దు కూడా కాల్చవద్దని నా మాట. క్లే మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోనిది కాదు.

నా పద్ధతి ఇది. గోడకు వేసే నున్నని పింగాణీ టైలు ముక్క ఒకటి నడిమి అరలో పెట్టి, దాని పక్కనే థర్మామీటరు ఉంచుతాను. టైలు వేడిని పట్టి ఉంచుతుంది కనుక ఎక్కుదిగుళ్ళు తగ్గుతాయి. పొయ్యి మీది ఎర్రదీపం ఆరగానే వేడెక్కిందని అనుకోకూడదు; ముల్లు ఒకే చోట నిలకడగా నిలిచేదాకా ఆగాలి. నగలను నేరుగా టైలు మీద పెడితే అడుగుభాగం అద్దంలా మెరిసి, పైభాగంతో పోలిక కుదరదు కనుక మధ్యలో తెల్ల కాగితమో బటర్ పేపరో వేస్తాను. పైన అల్యూమినియం రేకును గుడారంలా వదులుగా కప్పుతాను. చిన్న ఓటీజీలో పై తీగ నగలకు మరీ దగ్గరగా ఉంటుంది. ఆ రేకు లేకపోతే తెల్లరంగు, లేతరంగులు గోధుమరంగుకు తిరుగుతాయి. ముల్లు మళ్ళీ 135 కు వచ్చిన తరువాతే సమయం లెక్కపెట్టడం మొదలుపెడతాను. రెండు మిల్లీమీటర్ల ముక్కలైనా నలభై ఐదు నిమిషాలకు తక్కువ కాల్చను. మధ్యలో కరెంటు పోతే కంగారు పడవలసిన పని లేదు. వచ్చాక మళ్ళీ మొదటి నుంచి పూర్తి సమయం ఉంచితే సరిపోతుంది.

ఒక హెచ్చరిక. అన్ని రకాలకూ ఒకే వేడి కాదు. ఫిమోకు 110, సెర్నిట్‌కు 110 నుంచి 130, కేటోకు 150 అని వాటి పొట్లాల మీదే ఉంటుంది. రెండు రకాలు కలిపి చేసిన నగ అయితే ముందు ఒక చిన్న ముక్క కాల్చి చూసుకోవాలి.

బెంజిసర్కిల్_కళ

థర్మామీటరు, టైలు, రేకు అంటూ ఇంత హంగామా అవసరమా అనిపిస్తోంది. కుక్కర్‌లో చేసినవి మా పిన్నిగారు ఇప్పటికీ పెట్టుకుంటున్నారు. కొందరైతే మరిగే నీళ్ళలో వేసి కూడా గట్టిపరుస్తారని విన్నాను.

రసాయనం_మాస్టారు

మరిగే నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కదా అండీ. మనకు కావలసినది 110 నుంచి 150 మధ్యన. నీళ్ళలో వేసినది పైకి గట్టిపడుతుంది, లోపల పచ్చిగానే మిగిలిపోతుంది. నీళ్ళు పోసి విజిల్ పెట్టిన కుక్కర్‌లో ఆవిరి 120 డిగ్రీల దాకా వెళుతుంది కాని ఆ తేమకు ముక్కల మీద తెల్లని మచ్చలు వచ్చే అవకాశం ఉంది. ఇక ఇసుక పోసిన ఖాళీ కుక్కర్‌లో అడుగు ఒక వేడి, నడుమ ఒక వేడి, మూత దగ్గర ఇంకొకటి. స్టవ్ మంట కొంచెం పెద్దదైతే అడుగున 200 దాటడం చాలా తేలిక. మీ పిన్నిగారికి చేయి తిరిగిపోయి కుదురుతూ ఉండవచ్చు. ఆమె నైపుణ్యాన్ని నేను కాదనను. అయితే కొత్తగా మొదలుపెట్టేవారికి దాన్ని పద్ధతిగా చెప్పలేము.

ప్రమాదం కూడా అక్కడే ఉంది. దాదాపు 175 డిగ్రీలు దాటితే పీవీసీ విచ్ఛిన్నం కావడం మొదలై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అది కంటికీ గొంతుకూ మంట పుట్టిస్తుంది. ఎప్పుడైనా నగలు నల్లబడి ఘాటైన పొగ వస్తే వెంటనే స్విచ్ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లలను తీసుకుని గదిలోంచి బయటకు రావాలి. పొయ్యి తలుపు మాత్రం చల్లారేదాకా తీయకూడదు. మామూలుగా కాలుతున్నప్పుడు వచ్చే కొద్దిపాటి ప్లాస్టిక్ వాసన వేరు. దానికి కిటికీ తెరిచి ఉంచితే చాలు.

మైక్రోవేవ్‌లో పెట్టవచ్చా అని ఎవరైనా అడిగే లోపే చెబుతున్నాను: మైక్రోవేవ్ తరంగాలతో వద్దు. అదే పెట్టెలో కన్వెక్షన్, అంటే వేడిగాలితో కాల్చే విధానం మాత్రమే వాడితే అది ఓవెన్ కిందే లెక్క.

లక్ష్మీపురం_అమ్మ (గుంటూరు)

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా ఇంట్లో పిల్లలకు కేకులు చేసే ఓటీజీ ఒక్కటే ఉంది. అందులోనే వీటినీ కాల్చవచ్చా? మా పాప ఆరేళ్ళది, తానూ చేస్తానని కూర్చుంటుంది.

రసాయనం_మాస్టారు

వేరే ఓటీజీ ఉంటే అన్నిటికన్నా మంచిది. లేకపోతే మూత ఉన్న పాత స్టీలు గిన్నెనో, అల్యూమినియం ట్రేనో వీటి కోసమే కేటాయించి, నగలు అందులో పెట్టి, రేకుతో అంచులు గట్టిగా మూసి కాల్చండి. ఆ గిన్నె మళ్ళీ వంటకు వాడకూడదు. అప్పడాల కర్ర, చాకు, పీట కూడా అంతే. ఒకసారి క్లేకు వాడినవి క్లేకే. కాల్చినా సరే, దీనితో చేసిన పాత్రల్లో తినేవస్తువులు పెట్టకూడదు.

ప్లాస్టిసైజర్లుగా ఒకప్పుడు థాలేట్లు అనే రసాయనాలు వాడేవారు. 2008లో అమెరికాలో పిల్లల వస్తువుల భద్రతకు చట్టం వచ్చి కొన్ని థాలేట్లకు హద్దులు పెట్టాక, పేరున్న తయారీదారులు వాటిని మార్చుకున్నారు. పొట్లం మీద తయారీదారు పేరు, కాల్చే వేడి, భద్రతా గుర్తు లేని చవక రకాలను పిల్లల చేతికి ఇవ్వకండి. పాప పక్కన కూర్చుని ఆకారాలు చేయవచ్చు. నోట్లో పెట్టుకోకుండా చూసి, అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి. పొయ్యి పని మాత్రం మీదే.

వన్‌టౌన్_పూసలు (విజయవాడ)

మే నెల దిమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక నేను చెబుతాను. పూసలు, నగల సామాను వ్యాపారం కావడం వల్ల ఈ సరుకు ఎండాకాలంలో ఎలా పాడవుతుందో కళ్ళారా చూస్తుంటాము. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ మనది. ఆ ఎండలో మూసిన లారీలోనో, డెలివరీ బండి పెట్టెలోనో రోజుల తరబడి ఉన్న దిమ్మ అక్కడే సగం కాలిపోతుంది. అలా గట్టిపడినదాన్ని ఏ నూనె కలిపినా మునుపటి ముద్దగా చేయలేము. విరిస్తే లోపల గట్టి పలుకులు కనిపిస్తే దాన్ని వదులుకోవడమే మంచిది. పలుకులు లేకుండా ఊరికే పొడిగా రాలుతుంటే మాత్రం ఆశ ఉంది: సన్నగా తరిగి, లిక్విడ్ క్లే (ద్రవరూపంలో దొరికే ఇదే క్లే) ఒకటి రెండు చుక్కలు వేసి, కవరులో కట్టి ఒక రాత్రి ఉంచి, మరునాడు పిసికి చూడండి.

ఏడాదికి సరిపడా సరుకు మాఘ ఫాల్గుణాలలోనే తెప్పించుకోవడం మేలు. ఇంట్లో కూడా డాబా కింద పై అంతస్తు గది, కిటికీ పక్క బీరువా, కారు డిక్కీ పనికిరావు. వేసవిలో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. అయితే గాలి చొరని కవరులో పెట్టాలి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు. విప్పితే చల్లని దిమ్మ మీద నీటి చెమ్మ పట్టి, కాల్చేటప్పుడు బుడగలు లేస్తాయి.

డబ్బా విషయంలోనూ జాగ్రత్త అవసరం. పచ్చి క్లేలోని ద్రవం థర్మకోల్‌ను, గట్టిగా గాజులా ఉండే కొన్ని ప్లాస్టిక్ డబ్బాలను తినేస్తుంది, పాలిష్ వేసిన బల్ల మీద మచ్చ వేస్తుంది. అడుగున త్రికోణంలో 5 అని అంకె ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బాలు సురక్షితం. అన్నిటికన్నా మన వంటింటి స్టీలు డబ్బాయే నమ్మదగినది, బటర్ పేపరులో చుట్టి అందులో వేస్తే చాలు.

కొత్తపేట_నగలు

దీనికి ఒకటి చేర్చాలి. ఎండాకాలంలో దిమ్మ అతిగా మెత్తబడి వేళ్ళకు అంటుకునే సమస్య కూడా మనకు ఉంది. అప్పుడు క్లేను పలుచగా ఒత్తి రెండు తెల్ల కాగితాల మధ్య ఉంచి పైన బరువు పెడితే, అదనపు ద్రవాన్ని కాగితం పీల్చుకుంటుంది. కాగితం మీద నూనె మరక కనిపిస్తుంది. ఎంతసేపన్నది దిమ్మను బట్టి ఉంటుంది. గంటకొకసారి చూసుకోండి, లేకపోతే పొడిబారుతుంది. చేతులు వేడిగా ఉండేవారు మధ్యమధ్యలో చల్లని నీళ్ళలో ముంచి, పూర్తిగా తుడుచుకుని పనిచేయాలి. తెల్లరంగు పట్టుకునే ముందు చేతులను తడి వైప్‌తో తుడవడం, నూలు పోగులు రాలే చీరకొంగును దూరంగా ఉంచడం మరవకండి. ఫ్యాన్ గాలికి ఎగిరే ప్రతి దుమ్ము రేణువూ తెల్లక్లే మీదే వాలుతుంది.

పెడన_అంచు (విజయవాడ, భవానీపురం)

పూలు, మామిడిపిందెలు ఒక్కొక్కటిగా చేతితో అతికిస్తుంటే ఏ రెండూ ఒకలా రావడం లేదు. కలంకారీ అంచులో ఉండే చిన్న మామిడిపిందె దుద్దుల జత మొత్తానికి ఒకే తీరుగా రావాలంటే ఏదైనా మార్గం ఉందా?

కొత్తపేట_నగలు

ఉంది, దాన్ని కేన్ పద్ధతి అంటారు. గాజుపూసల పనివారు ఇటలీలోని మురానోలో పెంచిన విద్య ఇది. క్లే పనివారు దాన్ని తమ పనికి తెచ్చుకున్నారు. బొమ్మ అడ్డకోతలో కనబడేలా రంగులను పొడుగాటి కడ్డీగా పేర్చి, ఆ కడ్డీని సాగదీసి, పలుచని బిళ్ళలుగా కోయడమే దీని సారాంశం. ఎన్ని బిళ్ళలు కోసినా బొమ్మ ఒక్కటే.

మామిడిపిందెకు నేను చేసే తీరు చెబుతాను. ముందు పసుపు నుంచి మెరూన్‌కు మెల్లగా మారే పలకను తయారుచేసుకుంటాను. రెండు రంగులను చెరొక త్రికోణంగా కోసి, దీర్ఘచతురస్రంలా జతచేసి, మధ్యకు మడిచి, మడత అంచు ముందుగా పాస్తా మెషిన్‌లోకి (ముద్దను పలకగా ఒత్తే రోలర్ల యంత్రంలోకి) పంపాలి. ప్రతిసారీ అదే వైపు మడవాలి. ఒక్కసారి అడ్డంగా మడిచినా రంగులన్నీ కలిసి ముద్ద అవుతుంది. ఇరవై సార్లకు పైగానే తిప్పాక గీతలు మాయమై రంగు జారినట్టు కనిపిస్తుంది. అమెరికాలో జూడిత్ స్కిన్నర్ అనే కళాకారిణి దీన్ని వ్యాప్తిలోకి తెచ్చారు కనుక స్కిన్నర్ బ్లెండ్ అంటారు. ఈ పలకను పొడుగాటి పట్టీగా ఒత్తి, మెరూన్ లోపలికి వచ్చేలా చుడితే కడ్డీ నడుమ ముదురు, అంచున లేత రంగు వస్తాయి. దాని చుట్టూ పలుచని నల్లపొర ఒకటి, దానిపైన తెల్లపొర ఒకటి చుట్టాలి. అప్పుడు కడ్డీ పొడవునా ఒక పక్కను బొటనవేళ్ళతో నొక్కుతూ కొనదేల్చి, ఆ కొనను కొద్దిగా వంచితే పిందె ఆకారం వచ్చేస్తుంది.

సాగదీయడంలో తొందరపడకూడదు. కడ్డీ నడుమ రెండు చేతులతో పట్టుకుని చుట్టూ నొక్కుతూ అంచులకు రావాలి. ఒకవైపే నొక్కితే బొమ్మ వంకరపోతుంది. రెండు చివర్లలో ఎప్పుడూ కొంత బొమ్మ చెదిరిపోతుంది, అది కోసి పక్కన పెట్టాల్సిందే. ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, పలుచని బ్లేడుతో ఒక్క వేటుగా కోయండి. ఒక్కో బిళ్ళ కోశాక కడ్డీని పావువంతు తిప్పితే ఒకేవైపు అణగకుండా ఉంటుంది. కోసిన బిళ్ళను దుద్దు పలక మీద పెట్టి, పైన బటర్ పేపరు వేసి అప్పడాల కర్రతో మెల్లగా ఒత్తితే అతుకు కనిపించదు.

పటమట_దుద్దులు

ఈ టపాను దాచుకుంటున్నాను. గోళ్ళరంగు సంగతి మాత్రం ఇంకా మిగిలి ఉంది.

రసాయనం_మాస్టారు

గోళ్ళరంగులో ఉండే ద్రావకాలకూ పీవీసీలోని ప్లాస్టిసైజర్‌కూ పొసగదు. పూసిన రోజు గట్టిగానే ఆరినట్టుంటుంది. తరువాత లోపలి ద్రవంతో కలిసి మెత్తబడి జిగురవుతుంది. కంపెనీ ఏదైనా ఇంతే. స్ప్రే డబ్బాల్లో వచ్చే చాలా వార్నిష్‌లదీ ఇదే కథ.

కొత్తపేట_నగలు

అసలు పూత అవసరమే లేదన్నది నా అభిప్రాయం. సరిగ్గా కాలిన క్లే నీళ్ళకు చెడదు. మెరుపు కావాలంటే ఉప్పు కాగితంతో నీళ్ళలో ముంచి రుద్దండి: 400 నంబరు కాగితంతో మొదలుపెట్టి 600, 800, 1000, ఓపిక ఉంటే 2000 దాకా. నీళ్ళలోనే రుద్దాలి, లేకపోతే లేచే పొడి ముక్కులోకి పోతుంది. ఆ తరువాత పాత జీన్స్ గుడ్డతో గట్టిగా తోమితే వచ్చే మెరుపు ఏ పూతకూ రాదు. మెరుపు రేకులు, మైకా పొడి పైన అద్దిన నగలకు మాత్రం పూత కావాలి. వాటికి నీటితో పలచబరిచే పాలీయురెథేన్ వార్నిష్ గాని, యూవీ కాంతికి గట్టిపడే రెజిన్ గాని వాడండి. రెజిన్‌కు చేతి తొడుగులు తప్పనిసరి.

కొండపల్లి_రంగులు (విజయవాడ, గొల్లపూడి)

చర్చ బాగుంది కాని నాదొక భిన్నాభిప్రాయం. తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసే ఊరి పక్కన ఉంటూ, ఎండకు చెడే, మట్టిలో కలవని ప్లాస్టిక్‌తో నగలు చేయడం ఎందుకు? టెర్రకోట నగలు మనకు కొత్త కాదు. లేదంటే కార్న్‌ఫ్లోర్, ఫెవికాల్ కలిపి ఇంట్లోనే ముద్ద చేసుకుంటే పొయ్యి అవసరమూ ఉండదు, ఖర్చూ తక్కువ.

వన్‌టౌన్_పూసలు

అది ప్లాస్టిక్ అన్నది నిజం. కొనేవారికి దాన్ని పర్యావరణహితమైన మట్టి నగ అని చెప్పి అమ్మడం తప్పు. ఆ మాట మీతో ఏకీభవిస్తాను. అయితే ఒకదానికి ఇంకొకటి బదులు కాదు. టెర్రకోటను ఆవంలో వందల డిగ్రీల వేడికి కాల్చాలి. లోలాకు కాస్త పెద్దదైతే బరువు, గచ్చు మీద పడితే ముక్కలు. ఫెవికాల్ ముద్ద షోకేసులో పెట్టే పూలకు బాగుంటుంది, కాని శ్రావణమాసపు తేమకు, మెడ మీది చెమటకు మెత్తబడుతుంది. రోజూ పెట్టుకునే దుద్దుకు అది నిలవదు.

కొత్తపేట_నగలు

పచ్చి తుక్కును పారేయకుండా కలిపి పెద్ద పూసలకు లోపలి గుజ్జుగా వాడితే వృథా దాదాపు ఉండదు, కొండపల్లి గారూ. ఇంకో సంగతి, ఈ పదార్థమూ బొమ్మల ఇంటి నుంచే వచ్చింది. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపొందిన కేథే క్రూజె గారి కుమార్తె ప్రయోగాలు చేసిన ముద్దనే ఎబర్‌హార్డ్ ఫాబర్ సంస్థ 1964లో తీసుకుని ఫిమో పేరుతో తెచ్చింది.

పెడన_అంచు

విరగడం గురించే ఇంకో ప్రశ్న. నాకు రంధ్రం దగ్గర విరగడం లేదు, దుద్దు వెనక అంటించిన పుల్ల ఊడి వస్తోంది. ఫెవిక్విక్‌తోనే అంటిస్తున్నాను. చిలకలపూడి గిల్టు పుల్లలు పెడితే కొందరికి చెవి దురద పెడుతోందని కూడా అంటున్నారు.

వన్‌టౌన్_పూసలు

ఫెవిక్విక్ లాంటివి త్వరగా పట్టేస్తాయి కాని పెళుసుగా ఆరుతాయి. క్లే కొంచెం వంగే గుణమున్నది కనుక, అది వంగిన ప్రతిసారీ జిగురు మాత్రం వంగక పగిలిపోతుంది. పుల్ల బిళ్ళనూ, దుద్దు వెనక భాగాన్నీ ఉప్పు కాగితంతో గరుకు చేసి, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ, అంటే ఆరల్డైట్ లాంటిది వాడి ఒక రోజు కదపకుండా ఉంచండి. ఇంకా గట్టిగా ఉండాలంటే కాల్చిన దుద్దు వెనక లిక్విడ్ క్లే కొంచెం పూసి, పుల్ల బిళ్ళ పెట్టి, దాని మీద పలుచని పచ్చి క్లే పొర కప్పి మళ్ళీ కాల్చాలి. ఎన్నిసార్లు కాల్చినా హద్దు దాటనంతవరకు నష్టం లేదు.

దురద చాలామందికి నికెల్ వల్ల వస్తుంది. పూత అరిగిన కొద్దీ లోపలి లోహం చర్మానికి తగులుతుంది. అలాంటివారికి టైటానియం పుల్లలు గాని, వెండివి గాని ఇవ్వండి. 316ఎల్ రకం స్టీలులో నికెల్ ఉన్నా చర్మంలోకి విడుదలయ్యేది బహు తక్కువ కనుక ఎక్కువమందికి అది కూడా పడుతుంది.

రంధ్రం విరగడానికి కొక్కెం బిగించే తీరు కూడా కొంత కారణమవుతుంది. జంప్ రింగ్ (కొక్కేన్ని దుద్దుకు కలిపే చిన్న తీగ వలయం) అతుకును పైకి వచ్చేలా పెట్టి, రెండు ప్లయర్లతో రెండు పక్కలా పట్టుకుని, ఒక చేతిని ముందుకు, ఒక చేతిని వెనక్కు తిప్పి తెరవాలి. రెండు పక్కలకూ లాగి తెరిస్తే రింగు గుండ్రం పోయి మళ్ళీ సరిగా మూసుకోదు. ఆ సందులో మిగిలిన పదునైన తీగ కొన రంధ్రం అంచును రోజూ కోస్తూ ఉంటుంది. రంధ్రం అంచుకు కనీసం మూడు మిల్లీమీటర్ల లోపలికి ఉండాలి. పచ్చిగా ఉన్నప్పుడు సూదితో గుచ్చితే చుట్టూ క్లే పక్కకు తోసుకుపోయి పలుచబడుతుంది. కాల్చాక ఒక మిల్లీమీటరు చేతి డ్రిల్‌తో వేస్తే శుభ్రంగా వస్తుంది.

పటమట_దుద్దులు

థర్మామీటరు కొన్నాను. నా ఓటీజీ డయల్ 130 దగ్గర ఉంటే లోపల ముల్లు 112 దగ్గరే ఆగింది. ఇప్పుడు డయల్‌ను 150 కు కాస్త అటూ ఇటూగా పెడితే లోపల 135 నిలుస్తోంది. సరిగ్గా కాలినది వంగుతుందని మాస్టారు చెప్పారు కనుక ఒక పలుచని పట్టీని పావుగంట, ఇంకొకదాన్ని ముప్పావుగంట కాల్చి చల్లారాక వంచి చూశాను. మొదటిది రెండు వేళ్ళ మధ్యనే తెగిపోయింది. రెండోది దాదాపు గుండ్రంగా వంగి, వదలగానే మెల్లగా వెనక్కు వచ్చింది. ఇదివరకు ఇచ్చిన దుద్దుల్లో ఇంకా విరగనివాటిని వెనక్కు తెప్పించుకుని మళ్ళీ కాల్చవచ్చా? అలాగే దసరాకు చెవి బుట్టలు కావాలని అడుగుతున్నారు. గుల్లగా చేయడం ఎలాగో తెలియడం లేదు.

రసాయనం_మాస్టారు

నిస్సందేహంగా కాల్చవచ్చు. కొక్కేలు, జిగురుతో అంటించిన పుల్లలు, గోళ్ళరంగు పూర్తిగా తీసేసి, మునుపటిలాగే రేకు కప్పి 135 దగ్గర ముప్పావుగంట ఉంచండి. ఇప్పటికే చిట్లినవి మాత్రం మళ్ళీ అతుక్కోవు.

కొత్తపేట_నగలు

బుట్టలకు వంటకు వాడని పాత గుండ్రటి స్టీలు గరిటె వెనకభాగం చక్కని అచ్చు. దాని మీద కొద్దిగా కార్న్‌ఫ్లోర్ అద్ది, రెండు మిల్లీమీటర్ల క్లే పలకను నడుమ నుంచి అంచులకు నొక్కుతూ పరచండి. గాలి చిక్కుకుంటే అక్కడే బుడగ లేస్తుంది. అంచును బ్లేడుతో సమంగా కోసి, గరిటెతో పాటే పొయ్యిలో పెట్టి కాల్చి, పూర్తిగా చల్లారాక మెల్లగా తిప్పితే ఊడి వస్తుంది. గరిటె పిడి ప్లాస్టిక్‌ది కాకుండా చూసుకోండి. కింద వేలాడే ముత్యాల కోసం అంచు చుట్టూ రంధ్రాలు ఇప్పుడు, అంటే కాల్చాకే వేయాలి. పైన ఐ పిన్ (కొనకు చిన్న వలయం ఉన్న తీగ) దూర్చి, లోపలి నుంచి చిన్న క్లే బిళ్ళతో బిగించి ఇంకోసారి కాల్చండి. రెండు బుట్టలకూ క్లేను తూకం వేసి సమానంగా తీసుకోకపోతే ఒక చెవి బరువుగా ఉంటుంది. కంసాలి తూకంలాంటి చిన్న డిజిటల్ తూకం బీసెంట్ రోడ్డు వైపు దుకాణాల్లో అడిగి చూడండి.